దొరవారి గుడిసెకు రెండో గుమ్మం

పోయిన వారం కథ ఎక్కడ ఆగిందో మరిచిపోయినవారికీ, అసలు చదవనివారికీ కలిపి ఒక్కసారే చెప్పేస్తాను, కాస్త ఓపిక పట్టండి.

టైలరమ్మ ఇంట్లో ఇద్దరు పెద్దమనుషులున్నారు. ఒకాయన మామగారు. జీవితమంతా బస్సు నడిపి, భార్య పోయిన రోజు నుంచి నోరు మూసుకుని కూర్చున్న మనిషి. మాట పడిపోలేదు, మానేశారు. రెండో ఆయన టైలరమ్మ కన్నతండ్రి. ఉన్న సెలూన్ మూసేసి కూతురి పంచన చేరాడు. పొద్దున లేచింది మొదలు తన వాటా మాటలే కాక వియ్యంకుడు మానేసిన మాటలు కూడా తనే మాట్లాడేస్తాడు. ఇద్దరికీ కలిపి ఒకటే గది. ఇక ఆ గది ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి.

దొర అనేవాడు మనిషి కాదు, గినీ పంది. అత్తగారు ప్రాణంలా పెంచుకున్న, కుందేలు పిల్లంత ఉండే గోధుమరంగు మగ జంతువు. దాని తోడబుట్టినవాడు ఈమధ్యే పోయాడు. అప్పటినుంచి దొర ఒకటి రెండు పోచలు తప్ప గడ్డి ముట్టడం లేదు. దొర గడ్డి ముట్టడం లేదని మామగారు పళ్లెం ముట్టడం లేదు. ఈ జాతికి ఒంటరితనం పడదు, తిండి మానేస్తే ఇవి ఎక్కువ కాలం నిలవవు, త్వరగా తోడు చూడండి అంది పశువుల డాక్టరమ్మ. టైలరమ్మ మొగుడేమో లారీ వేసుకుని ఎక్కడో దూరాన ఉన్నాడు. సంగతంతా ఫోన్లో విని, "నేనొస్తున్నాగా, నేను చూసుకుంటా" అన్నాడు.

అల్లుడు వచ్చేదాకా టైలరమ్మ నాన్న ఆగుతాడా! ఎవరో తెలిసినవాళ్లింటికి పోయి నల్లమచ్చల తెల్ల గినీ పిల్లవాణ్ని పట్టుకొచ్చాడు. వాడే బుడంకాయ. తెచ్చినవాడు ఊరుకున్నాడా? పెళ్లికొడుకుని చేసినట్టు సెలూన్ సబ్బుతో స్నానం చేయించి, వెంట్రుకలు కత్తిరించి, మెడ మీద వాసన పౌడరు కొట్టి, తీసుకెళ్లి తిన్నగా దొర ఇంట్లో కూర్చోబెట్టాడు. ఆ తర్వాత జరిగింది పోయిన వారం చూశారు. రక్తం రాలేదు కానీ బొచ్చు లేచిపోయింది. నెలల తరబడి నోరు విప్పని మామగారు లేచి నిలబడి, అందరూ వింటుండగా, "ఆ జంతువుని తీసుకుని మీరూ బయల్దేరండి" అన్నారు.

అదీ సంగతి. ఇవాళ ఆదివారం. కుట్టు గది మూసి ఉంది. గుమ్మం దగ్గర నాన్న సంచీ సర్దేసి ఉంది.

*

"సాయంత్రం బస్సుకి పోతా తల్లీ" అన్నాడు నాన్న, చెప్పులు తుడుచుకుంటూ. తుడిచిన చెప్పులే మళ్లీ తుడుస్తున్నాడు. "నీ ఇంట్లో తిని, నీ మామగారి నెత్తిన కూర్చోవలసిన ఖర్మ నాకేంటి?"

"ఎక్కడికి పోతావు? సెలూన్ తాళం కూడా ఇచ్చేశావు కదా?"

"ఎక్కడికో అక్కడికి. చేతిలో కత్తెర ఉన్నవాడికి నాలుగు తలకాయలు దొరక్కపోతాయా?"

టైలరమ్మ ఆ చేతి వైపు చూసింది. నాన్న చెయ్యి వణుకుతుంది. సెలూన్ మూసింది అందుకే. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు, ఇద్దరూ ఎప్పుడూ పైకి అనుకోలేదు. లోపలి గదిలో ఇంకో మనిషి కుర్చీలో కూర్చుని రోజురోజుకీ చొక్కాలో చిక్కిపోతున్నాడు. నాన్న పోతే ఈ వణికే చేత్తో ఎక్కడ తిరుగుతాడు? దొర పోతే మామగారు ఉంటారా? ఇద్దరు తండ్రులూ ఒక గుప్పెడు బొచ్చు మీద వేలాడుతున్నారని ఆమెకి ఆ క్షణాన తెలిసొచ్చింది.

"సాయంత్రం దాకా ఉంటావు కదా? ఇంకొక్కసారి కలిపి చూద్దాం."

"మళ్లీనా? ఆ రాక్షసుడితోనా? మా బుడంకాయ పసివాడే!"

"డాక్టరమ్మకి ఫోన్ చేశా నాన్నా. మనం చేసిందంతా తప్పే అంది. కొత్తవాణ్ని పాతవాడి ఇంట్లోకి తోసేస్తారా, ఇద్దరిదీ కాని చోట కలపాలి అని చీవాట్లు పెట్టింది. పైగా నీ పౌడరు! ఆ వాసనకి వాడు గినీ పందో, సెంటు సీసానో దొరకి తెలియలేదట."

"మా సెలూన్ పౌడరుకి వంక పెట్టినవాడు ఇప్పటిదాకా లేడు" అన్నాడు నాన్న, చెప్పులు కింద పెట్టి. ఆ మాటలో పౌరుషం కంటే చిన్నతనమే ఎక్కువగా వినిపించింది. "ఇంకేమంది?"

"నీళ్లు, గడ్డి, దూరడానికి గుడిసెలు అన్నీ రెండేసి పెట్టమంది. వాళ్లు గుర్రుమన్నా, పళ్లు టకటకలాడించినా, మీద మీద పడ్డా రక్తం కనబడేదాకా మనం చెయ్యి పెట్టకూడదట. ఇంకోటి. ఇంటి చుట్టుపక్కలకి ఆడదాని వాసన రాకూడదట. వచ్చిందంటే అన్నదమ్ములైనా సరే, మగాళ్లిద్దరూ ఒకరినొకరు బతకనివ్వరంది."

"అయితే నువ్వెక్కడికి పోతావే మరి?"

"ఆడ గినీ పంది నాన్నా!"

నాన్న నవ్వాడు. పొద్దుటినుంచి అదే మొదటి నవ్వు. లేచి చొక్కా చేతులు మడిచాడు.

కుట్టు గదిలోకి ఆ రెండింట్లో ఏదీ ఎప్పుడూ అడుగు పెట్టలేదు. టైలరమ్మ మిషను ఓ మూలకి జరిపి, సూదులు, గుండుసూదులు ఏరి, నేలంతా తుడిచి ఉతికిన దుప్పటి పరిచింది. ఓ పక్క గోడకి పేరుకుపోయిన మూటల గుట్ట అలాగే ఉంచి, మిగతా బట్టల మూటలతో అడ్డుకట్ట కట్టింది. గడ్డి రెండు కుప్పలు, నీళ్లు రెండు గిన్నెలు పెట్టింది. గుడిసెల విషయంలో మాత్రం ఆమె చేతివాటం చూపించుకుంది. బొత్తాలు వచ్చే అట్టపెట్టెలకి లోపల మిగిలిన వెల్వెట్ ముక్కలు అంటించి, గుమ్మానికి కొలత ప్రకారం అంచు కుట్టి, చలిగాలి దూరకుండా మిగతా మూడు వైపులా బిగించేసింది. గినీ పంది కాదు, తనే వెళ్లి పడుకోవాలనిపించేంత ముద్దుగా వచ్చాయి.

మామగారి ఒళ్లోంచి దొరని తీసుకున్నప్పుడు ఆమె చేతులకి బరువే తగల్లేదు. వేళ్ల కింద ఎముకలు తగిలాయి. మామగారు లేచి, గోడ పట్టుకుంటూ ఆమె వెనకే వచ్చి, కొలతలిచ్చేవాళ్లు కూర్చునే కుర్చీలో కూర్చున్నారు. నాన్న వైపు చూడలేదు. నాన్న కూడా కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు. నేల మీద ఇద్దరు, పైన ఇద్దరు, మధ్యలో ఆడమనిషి ఒక్కతే.

వదిలారు.

*

మొదట ఏమీ జరగలేదు. బుడంకాయ దుప్పటి వాసన చూస్తూ గడ్డి కుప్ప దాకా పోయి ఒక పోచ నోట్లో పెట్టుకున్నాడు. దొర వదిలిన చోటే ఉన్నాడు. కళ్లు సగం మూసుకుని, ఇదంతా నాకెందుకులే అన్నట్టు ముడుచుకుని కూర్చున్నాడు. కొట్లాట అయినా నయమే, ఈ ఊరుకోవడమే టైలరమ్మకి భయం.

అంతలో గాలి ఎటు వీచిందో ఏమో, దొర ముక్కు కదిలింది.

అప్పుడు చూడాలి. ఆ ఎముకల గూట్లోంచి ఒక శబ్దం బయల్దేరింది. గొంతులోంచి కాదు, పొట్టలోంచి. గుర్రుమంటూ, చలికాలం పొద్దున పాత బస్సు ఇంజను అందుకున్నట్టు. మామగారి తల చటుక్కున పైకి లేచింది. దొర నాలుగు కాళ్లూ నిటారుగా పెట్టి, నడుము అటూ ఇటూ ఊపుతూ, ఒక్కో అడుగే వేసుకుంటూ బయల్దేరాడు. ఇందాకటిదాకా తల కూడా ఎత్తని ముసలాడు! మెడ మీద వెంట్రుకలు నిక్కబొడుచుకుని మనిషి రెండింతలయ్యాడు. ఆ నడక చూస్తే టైలరమ్మకి లేచి దారి ఇవ్వాలనిపించింది. ఇంత చిన్న ప్రాణంలో ఇంత రాజసమా అని కళ్లప్పగించి చూస్తూ ఉండిపోయింది.

బుడంకాయకి నోట్లో పోచ జారిపోయింది. వాడూ పసివాడేమీ కాదు, మీసాలు వచ్చే వయసు. తన వంతు గుర్రు తనూ పెట్టాడు. సన్నగా, కీచుగా వచ్చింది. ఇద్దరూ పక్కపక్కగా తిరిగారు. దొర నోరంతా తెరిచి ఆవలించాడు. నిద్రొచ్చి కాదు, పళ్లు చూపించడానికి. టకటకమని పళ్ల చప్పుడు మొదలైంది. నాన్న చెయ్యి ముందుకి వచ్చింది.

"నాన్నా, చెయ్యి!"

"అయ్యో, కొరికేస్తాడే!"

"రక్తం రాలేదుగా. ఆగు."

దొర ఒక్క ఉరుకు ఉరికాడు. బుడంకాయ కీచుమని అరిచి, కనబడ్డ గుడిసెలోకి దూరిపోయాడు. హమ్మయ్య అనుకుంది టైలరమ్మ. అందుకేగా అంత ముద్దుగా కుట్టింది.

దొర గుడిసె ముందుకి వచ్చి గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

ఇక అసలు గొడవ అప్పుడే మొదలైంది. లోపలివాడికి బయటికి వచ్చే దారి లేదు, బయటివాడికి వెనక్కి తగ్గే అవసరం లేదు. లోపల పళ్లు, బయట పళ్లు. వెల్వెట్ పెట్టె దడదడలాడుతోంది. బుడంకాయ కేక ఒకటి పైకి లేచింది. కీచు కాదు, ఏడుపు. వెనక గోడకి వీపు ఆనించి, పారిపోలేని ప్రాణి ఎదురు తిరగడానికి పళ్లు తెరిచింది. ఇంకొక్క క్షణం ఆగితే ఎవరి రక్తమో ఒకరిది చిందడం ఖాయం. నాన్న వంగిపోయాడు. ఆ వణికే చెయ్యి రెండు జతల పళ్ల మధ్యకి పోతోంది.

ఆ చేతిని ఇంకో చెయ్యి పట్టుకుంది.

"ఆగండి బావగారూ."

టైలరమ్మ వెనక్కి తిరిగేసరికి మామగారు కుర్చీలో లేరు. నాన్న చేతిని మెల్లగా పక్కకి తప్పించి, కోతబల్ల మీద ఉన్న పెద్ద కత్తెర అందుకుని, మోకాళ్లు పటపటమంటుంటే నేల మీదికి వంగారు. కుర్చీలోంచి మంచం మీదికి పోవాలన్నా చెయ్యి ఆసరా కావలసిన మనిషి! ఏం చేస్తారో ఆమెకి తెలియదు, ఆపాలో వద్దో తెలియదు.

మామగారు గుడిసె వెనక గోడ మీద ఓ చేత్తో తట్టి, బుడంకాయ వీపు ముందుకి జరిగేదాకా ఆగి, అట్టలోకి కత్తెర మొన దింపారు. కర్రున కోశారు. వెల్వెట్ చిరిగింది, కొలత తప్పింది, టైలరమ్మ ప్రాణం పెట్టి కుట్టిన అంచు ఊడిపోయింది. చెయ్యి దూరేంత కన్నం పడింది. కత్తెర పక్కన పెట్టి ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నారు.

గుడిసెలోకి వెలుతురు వచ్చింది. బుడంకాయ ఆ వెలుతురు వైపు తల తిప్పి, తీసిన నోరు మూసి, ఆ కన్నంలోంచి తాపీగా బయటికి వచ్చేశాడు. పరిగెత్తలేదు కూడా. దొర పళ్లు టకటకలాడించుకుంటూ లోపలికి పోయి చూస్తే ఎవడూ లేడు. అటు తల పెట్టి చూశాడు, ఇటు పెట్టి చూశాడు. పళ్ల చప్పుడు ఆగిపోయింది. కొట్టడానికి ఎదురుగా మనిషి లేకపోతే ఎంతసేపని కోపంగా ఉంటారు?

ఇద్దరూ గడ్డి కుప్ప దగ్గర మళ్లీ ఎదురయ్యారు. ఈసారి చుట్టూ చోటుంది. దొర మూతి పైకెత్తాడు. బుడంకాయ కూడా ఎత్తాడు. దొర ఇంకాస్త ఎత్తాడు, మెడ నరాలు కనబడేంత. గదిలో ఎవరూ ఊపిరి తీయలేదు. చూస్తూ చూస్తూ ఉండగానే, ఎవరూ ఏమీ చెప్పకుండానే, బుడంకాయ మూతి మెల్లగా కిందికి దిగింది. అంతే. అదే సంధి. మీరే పెద్ద, నేనే చిన్న, ఇక ఆకలేస్తోంది అన్నట్టు వాడు గడ్డిలో తల పెట్టేశాడు.

దొర కాసేపు నిలబడ్డాడు. తర్వాత వాడి పక్కనే, వీపుకి వీపు తగిలేలా కూర్చుని, ఒక పోచ లాగాడు. నమిలాడు. ఇంకోటి లాగాడు.

గడ్డి నమిలే చప్పుడు అంత గొప్పగా ఉంటుందని టైలరమ్మకి అప్పటిదాకా తెలియదు. ఎప్పుడూ మిషను మోతలతో నిండి ఉండే ఆ గదిలో ఎన్నాళ్లకో ఆ చిన్న కరకర తప్ప ఇంకేమీ వినబడలేదు. ఆమె కళ్లలోంచి నీళ్లు వాటంతటవే కారాయి. తుడుచుకోలేదు. కదిలితే ఆగిపోతుందేమోనని భయం. నాన్న అయితే నోరు తెరుచుకుని అలాగే నిలబడిపోయాడు. నాన్న నోరు తెరిచి కూడా మాట్లాడకపోవడం ఆ ఇంట్లో జరిగిన రెండో వింత.

*

"ఇరుకు దారిలో రెండు బళ్లు ఎదురైతే" అన్నారు మామగారు. వాడక గొంతు బొంగురుపోయి ఉంది. మాట మాటకీ వెతుక్కుంటున్నారు. "ఎవడో ఒకడు వెనక్కి తియ్యాలి. తీద్దామనే ఉంటుంది ఎవడికైనా. చోటుండాలి కదమ్మా. వెనక గోడ పెట్టేసి తగ్గమంటే ఎవడు తగ్గుతాడు?"

నాన్న గొంతు సవరించుకున్నాడు.

"బావగారూ, మీరు నన్ను పొమ్మన్నది..."

"తప్పే." మామగారు దొర వైపే చూస్తున్నారు. "మీరు వచ్చాక గది నిండింది. మాటలతో నిండింది, మంచంతో నిండింది. మీ మంచం తలుపుకి అడ్డం. బయటికి పోవాలంటే మిమ్మల్ని దాటాలి, మిమ్మల్ని దాటాలంటే మాట్లాడాలి. ఆవిడ పోయాక నాకు మాట్లాడ బుద్ధి కాలేదు. అందుకని కూర్చునే ఉన్నా. కూర్చుని కూర్చుని, ఆవేళ కరిచేశా."

టైలరమ్మ గోడకి పేరుకున్న మూటల గుట్ట వైపు తిరిగింది. ఆ గదికి రెండో తలుపు ఉంది. ఈ కుట్టు గదిలోకే తెరుచుకుంటుంది. అత్తగారు ఉన్నప్పుడు ఆ తలుపు మూసి ఎరగరు. ఆమె పోయాక పని పెరిగింది, బట్టల మూటలు పెరిగాయి. ఒక్కోటే తెచ్చి ఆ తలుపుకి ఆనించింది ఎవరు? తనే. ఇద్దరు మనుషుల్ని ఒకే గుమ్మం ఉన్న పెట్టెలో పెట్టి, లోపల మెత్తటి పరుపులు వేశాను కదా, ఇంకేం కావాలి వీళ్లకి అనుకుంది తను.

ఇక ఆగలేదు. అడ్డుకట్ట కట్టిన మూటల జోలికి పోకుండా, తలుపుకి ఆనించిన మూటల్ని ఒక్కోటీ లాగి అవతల పడేసింది. నాన్న ఒక చివర పట్టాడు. పట్టిన చెయ్యి వణుకుతుంటే, ఇంకో చివర మామగారు పట్టారు. ముగ్గురూ ఆయాసపడుతూ, దుమ్ముకి తుమ్ముతూ, ఆఖరి మూట జరిపి గడియ తీశారు. తుప్పు పట్టిన మడతబందులు కిర్రుమన్నాయి. లోపలి గది కిటికీ వెలుతురు కుట్టు గదిలోకి పడింది. గడ్డిలో ఉన్న ఇద్దరూ తల తిప్పి చూసి, మనకి కాదులే అన్నట్టు మళ్లీ తినడంలో పడ్డారు.

నాన్న గుమ్మం దగ్గరికి పోయి సంచీ తెచ్చుకున్నాడు. కుట్టు గదిలోనే కూర్చుని ముడి విప్పాడు. తువ్వాలు, దువ్వెన, అద్దం ఒక్కోటీ తీసి బయట పెట్టాడు. పౌడరు డబ్బా చేతికి వస్తే, ఒక్క క్షణం చూసి, కిటికీ బయట పెట్టేశాడు.

"మంచం ఆ పక్కకి జరుపుకుంటా బావగారూ. ఇక మాటల సంగతంటారా, అవి నా చేతిలో లేవు. మీకు విసుగొస్తే ఈ తలుపులోంచి వచ్చేయండి, నేనేం అనుకోను."

"వస్తా" అన్నారు మామగారు. మళ్లీ టైలరమ్మ వైపు తిరిగారు. ఆ కళ్లు ఆమెని సరిగ్గా చూసి ఎన్నాళ్లయిందో. "కాస్త టీ పెట్టమ్మా. తినడానికి ఏదైనా ఉంటే అదీ తీసుకురా. ఆకలేస్తోంది."

ఆ ఒక్క మాట కోసం ఆమె ఎంతమందికి మొక్కుకుందో లెక్క లేదు. వంటింట్లోకి పోయి, పొయ్యి ముందు నిలబడి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నవ్వింది కూడా. రెండూ ఒకేసారి ఎలా వస్తాయో ఆమెకే తెలియదు.

పళ్లెం, టీ గ్లాసు తీసుకుని తిరిగి వచ్చేసరికి ఇద్దరు వియ్యంకులూ దుప్పటి అంచున నేల మీదే కూర్చుని ఉన్నారు. మామగారు పళ్లెం ఒళ్లో పెట్టుకుని మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నారు. నాన్న ఏదో పాత ఖాతాదారు బట్టతల కథ ఎత్తుకున్నాడు. దొర వీపు మీద బుడంకాయ గడ్డం ఆనించి ఉంది. ఇంతకన్నా ఇంకేం కావాలి అనుకుంది టైలరమ్మ, గోడకి చేరగిలబడి.

వీధిలో లారీ హారను మోగింది. రెండు పొడుగు, ఒక పొట్టి. ఆమె మొగుడి హారను అదే.

చొక్కా నిండా దారి దుమ్ముతో, ముఖం నిండా నవ్వుతో వచ్చాడు మనిషి. తండ్రి నేల మీద కూర్చుని తింటూ ఉండటం చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు. "నాన్నా!" అన్నాడు. కళ్లు తుడుచుకుని, చంకలో పెట్టుకున్న మూత బుట్టని తెచ్చి జాగ్రత్తగా కోతబల్ల మీద పెట్టాడు. బుట్టలోంచి సన్నగా ఈల లాంటి కూత వినిపించింది.

టైలరమ్మ చేతిలో టీ గ్లాసు ఆగిపోయింది.

"దొర బెంగ తీర్చే మందు తెచ్చాలే" అన్నాడతను, మూత తెరుస్తూ. "ఒంటరిగా ఎన్నాళ్లుంటాడు పాపం? మగవాణ్ని తెస్తే కొట్టుకుంటారని ఎవరో చెప్పారు. అందుకని తెలివిగా ఆడపిల్లని తెచ్చా."

గడ్డి కుప్పలోంచి రెండు మూతులూ ఒకేసారి పైకి లేచాయి.